యముని యింట మూడు రాత్రులు

కఠోపనిషత్తులో, సర్వస్వదానము చేయవలసిన యజ్ఞమునందు తండ్రి వాజశ్రవసుడు వట్టిపోయిన ముసలియావులను దక్షిణగా తోలించుచుండగా చూచి, నన్నెవరికిచ్చెదవని ముమ్మారడిగిన నచికేతుడు, విసిగిన తండ్రి నోట వెలువడిన మాటనే పట్టుకొని యముని యింటికి పోయెను. గృహస్థు ఇంట లేడు; అతిథి మూడు రాత్రులు పస్తుండెను. అందుకు పరిహారముగా యముడు మూడు వరములిచ్చెను. మృత్యుదేవతకును అతిథిమర్యాద తప్పదన్నమాట! తండ్రి కోపము చల్లారుట మొదటిది, స్వర్గసాధకమగు అగ్నివిద్య రెండవది. చచ్చినవాడు ఉన్నాడా, లేడా అన్నది మూడవది.

ఇక్కడనే కథ రసవత్తరమగును. దేవతలకే తెగని సందేహమిది, వేరొకటి కోరుకొమ్మని యముడు నూరేండ్లు బ్రతుకు కొడుకులను, ఏనుగులను, బంగారమును, రథములతో వాద్యములతో కూడిన సుందరాంగులను ఎరచూపగా, ఇవి యన్నియు ఇంద్రియముల తేజస్సును హరించునవి, నీ వాహనములును నీ నృత్యగీతములును నీయొద్దనే ఉండనిమ్మని ఆ బాలుడు త్రోసిపుచ్చెను. తుదకు యముడు, ఆత్మకు పుట్టుకయు చావును లేవనియు, జీవులు తమ కర్మజ్ఞానముల ననుసరించి కొందరు మరల గర్భమున ప్రవేశింతురనియు, కొందరు స్థావరములగుదురనియు చెప్పెను. మన యిండ్లలో మైలదినములందు చదివించు గరుడపురాణమందలి వైతరణి, కింకరులు, శిక్షల పట్టిక ఇందు కానరావు.

తైత్తిరీయబ్రాహ్మణములోను ఈ కథ కలదు; కాని అచ్చట మూడవ వరము పునర్మృత్యువును గెలుచు ఉపాయము, దానికి యముడు చెప్పినదియు అగ్నిచయనమే.