మే ఎండల్లో పిట్టల లెక్క

చలికాలం వచ్చిన బాతులు, ఉల్లంకులు మే నాటికి చాలావరకు ఉత్తరానికి మళ్లిపోతాయి. చెరువుల్లో, తోటల్లో మిగిలేవి ఎక్కువగా ఇక్కడే పుట్టి ఇక్కడే గూడు కట్టే పక్షులు. వాటి బాగోగులు తెలియాలంటే ఇదే అదను. ఏటా సాధారణంగా మే రెండో శనివారం ప్రపంచమంతటా పక్షుల్ని లెక్కించే 'గ్లోబల్ బిగ్ డే' 2015లో మొదలైంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర సంస్థ దీన్ని నడుపుతోంది. ఇంటిల్లిపాదీ పాల్గొనవచ్చు. హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువుకే వెళ్లనక్కర్లేదు, సొంత ఊరి చెరువుగట్టు చాలు.

తెల్లవారకముందే బయలుదేరడం మంచిది. ఎండ ముదిరితే పక్షులు కొమ్మల నీడలో సద్దుమణుగుతాయి. రోజంతటికీ కలిపి ఒకే జాబితా రాస్తే పెద్దగా ఉపయోగం ఉండదు. చోటు మారినప్పుడల్లా కొత్త జాబితా మొదలుపెట్టి, ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఎంతమంది ఉన్నారు అన్నవి రాయాలి. పది గోరింకలు గంటలో కనిపించడం వేరు, పది నిమిషాల్లో కనిపించడం వేరు. గుర్తుపట్టిన ప్రతి పక్షినీ చేర్చాలి, కాకిని కూడా. అన్నీ రాసిన జాబితాలో పిచ్చుక లేకపోతే, ఆ సమయంలో అక్కడ ఎవరికీ పిచ్చుక తారసపడలేదని అర్థం. శాస్త్రవేత్తలకు ఆ సంగతీ కావాలి.

కలం ఒక్కరి చేతిలోనే ఉండాలి. లేకపోతే ఒకే కొంగ ముగ్గురి కాగితాల్లోకీ ఎక్కుతుంది. కొమ్మల్లో కదలికను పిల్లలు ముందు పసిగడతారు. పల్లెలో పెరిగిన తాతయ్య, నానమ్మలకు కూత వింటే చాలు, పిట్ట పేరు తెలుస్తుంది. కూతను బట్టి గుర్తించినదీ లెక్కలోకి వస్తుంది. ఈ రోజుల్లో కోకిల కంటికంటే చెవికే ఎక్కువగా దొరుకుతుంది.

నీళ్లు అడుగంటిన చెరువులో కొంగలు ఒకే మడుగు చుట్టూ మూగుతాయి. పెద్ద గుంపైతే ముందు పదింటిని లెక్కించి, అంత మేర గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూసి అంచనా వేస్తారు. చలికాలంలో మట్టిరంగులో ఉండే గుడ్డికొంగ వీపు ఇప్పుడు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఎండిన నేల మీద తీతువు పెట్టిన గుడ్లు గులకరాళ్లలో కలిసిపోతాయి. ఎండ మండేటప్పుడు తల్లిపక్షి నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి వాటిని చల్లబరుస్తుంది. అది అరుస్తూ తల మీద తిరుగుతుంటే గూడు దగ్గరలోనే ఉన్నట్టు. వెంటనే వెనక్కి తగ్గాలి. ఆ ఎండలో తల్లిని గుడ్ల నుంచి దూరం చేయడం కంటే ఒక అంకె తక్కువ పడటమే మేలు.

మధ్యాహ్నం విశ్రాంతి. ఏ చింతచెట్టు కిందో కూర్చుని పదిహేను నిమిషాలు కదలకుండా చూసినా అది ఒక జాబితాయే. పొద్దు వాలాక గూళ్లకు మళ్లే కొంగలు, కాకులను వరసలు వరసలుగా లెక్కించవచ్చు.

జాబితాలను ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేస్తారు. అరుదైన పక్షి పేరో, మామూలుకు మించిన అంకెయో కనిపిస్తే ఆ ప్రాంతం తెలిసిన పరిశీలకులు సరిచూస్తారు. ఫొటో ఉంటే పని తేలికవుతుంది. ఇలా దాదాపు 30,000 మంది ఇచ్చిన 3 కోట్ల నమోదుల ఆధారంగా దేశ పక్షుల స్థితిపై 2023లో నివేదిక వెలువడింది. కోకిలలు, నెమళ్లు పెరుగుతున్నాయనీ, తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట తగ్గిపోతోందనీ అందులో తేలింది.