క్లోరిన్ డయాక్సైడ్: పైపులకు, పాత్రలకు సరే... ఒంట్లోకి, నేలలోకి వద్దు

ఈ మధ్య మన వీడియోలు చూసి ఫోన్ చేసేవాళ్లు క్లోరిన్ డయాక్సైడ్ గురించి మూడు రకాలుగా అడుగుతున్నారు. ఒకరు డ్రిప్ పైపుల్లో జిగట పోతుందా అంటారు. ఇంకొకరు ఆవు పొదుగు కడగొచ్చా అంటారు. మూడోవాళ్లు నాలుగు చుక్కలు నీళ్లలో వేసుకుని తాగితే షుగరు, కీళ్లనొప్పులు పోతాయంట, నిజమేనా అంటారు. వస్తువు ఒకటే గానీ ఈ మూడింటికీ జవాబు ఒకటి కాదు. వీడియోలో కొలతలు చూపించాను. కారణాలు ఇక్కడ రాస్తున్నాను, నిదానంగా చదవండి.

అసలు ఇదేంటి?

పేరులో క్లోరిన్ ఉన్నా ఇది బ్లీచింగ్ పౌడర్ కాదు. పసుపుపచ్చ రంగు గ్యాసు. 11 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. గాలిలో 10 శాతం దాటితే పేలే గుణం కూడా ఉంది. అందుకే దీన్ని సిలిండర్లో నింపి అమ్మరు, ఎక్కడ కావాలంటే అక్కడే తయారు చేసుకోవాలి. అంగడిలో దొరికేది ఎక్కువగా సోడియం క్లోరైట్. దానికి యాసిడ్ కలిపితే క్లోరిన్ డయాక్సైడ్ పుడుతుంది. రెండు సీసాలు గానీ, పొడితో పాటు యాక్టివేటర్ గానీ ఇచ్చేది ఇందుకే. 'స్టెబిలైజ్డ్' అని రాసి ఒక్క సీసాలో వచ్చేది యాక్టివేట్ చేయకపోతే చాలా వరకు సోడియం క్లోరైట్‌గానే ఉంటుంది, క్రిముల మీద అంతగా పనిచేయదు.

ఇది క్రిమి ఒంట్లోని ప్రోటీన్ల నుంచి ఎలక్ట్రాన్లను లాగేసి వాటిని పాడు చేస్తుంది. మంచి క్రిమి, చెడ్డ క్రిమి అనే తేడా దీనికి తెలియదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

రుజువు ఎక్కడ గట్టిగా ఉంది?

నీళ్ల శుద్ధిలో. అమెరికాలో నయాగరా ఫాల్స్ ఊరి నీళ్ల ప్లాంటులో 1944లోనే వాడారు, నీళ్లకు పట్టిన ఫినాల్ వాసన, రుచి పోగొట్టడానికి. బ్లీచింగ్ కన్నా దీనికి రెండు లాభాలున్నాయి. పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో బ్లీచింగ్ బలం తగ్గిపోతుంది, దీని బలం అంతగా తగ్గదు. మనలాగా క్షారగుణం ఉన్న బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇది పనికొచ్చే విషయం. రెండోది, పైపు లోపల క్రిములు కట్టుకునే జిగట పొరలోకి ఇది బాగా దూరుతుంది.

గదుల శుద్ధిలో కూడా రుజువుంది. 2001లో అమెరికా సెనేట్ ఆఫీసు భవనానికి ఆంత్రాక్స్ పొడితో ఉత్తరం వచ్చింది. ఆ బీజాలు మామూలు మందులకు లొంగవు. అప్పుడు హార్ట్ భవనంలో కొంత భాగాన్ని మూసేసి ఈ గ్యాసు పెట్టారు. అయితే మనుషులందర్నీ ఖాళీ చేయించాకే పెట్టారు. ఈ సంగతి మర్చిపోవద్దు.

పండ్లు, కూరగాయలు కడగడానికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. కడిగే నీళ్లలో 3 పీపీఎం మించకూడదు, ఆ తర్వాత మంచినీళ్లతో మళ్లీ కడగాలి. దీని అసలు లాభం ఏమిటంటే, ఒక కాయ మీది క్రిమి నీళ్ల ద్వారా వంద కాయలకు అంటుకోకుండా ఆపుతుంది. తొడిమ దగ్గర, పగుళ్లలో నక్కినవి మాత్రం పూర్తిగా పోవు.

పాడి విషయానికొస్తే, పాలు పితికాక చనుమొనలు ముంచే మందుల్లో యాసిడ్ కలిపిన సోడియం క్లోరైట్ చాలా ఏళ్లుగా వాడుతున్నారు. కొత్తగా పొదుగువాపు రాకుండా కాపాడుతుందని పరిశోధనల్లో తేలింది. అది పైన ముంచడానికే. వచ్చేసిన పొదుగువాపుకు ఇది వైద్యం కాదు, చనుమొన లోపలికి ఎక్కించకూడదు. పశువైద్యుడిని పిలవండి.

డ్రిప్ పైపుల సంగతి

మా తొండూరు, పులివెందుల పక్క చీనీ, అరటి తోటలకు డ్రిప్పే ఆధారం. డ్రిప్పర్లు మూసుకుపోయేది రెండు రకాలు. జిగట, పాచి ఒక రకం. సున్నం తెల్లగా పేరుకోవడం రెండో రకం. క్లోరిన్ డయాక్సైడ్ మొదటి దాని మీద పనిచేస్తుంది. సున్నాన్ని కరిగించదు, దానికి యాసిడ్ కావాలి. ముందు డ్రిప్పర్ విప్పి చూడండి. గోకితే తెల్ల పొడి రాలితే క్లోరిన్ డయాక్సైడ్‌కు పెట్టే డబ్బు దండగే.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఒకే రోజు ఒకే పైపులోకి యాసిడ్, సోడియం క్లోరైట్ పంపొద్దు. లోపలే గ్యాసు పుడుతుంది. ఒకటి వాడాక మంచినీళ్లతో బాగా పారించి, రెండోది ఇంకో రోజు పెట్టుకోండి. బ్లీచింగ్, యాసిడ్ కూడా కలపకూడదు.

జీవామృతం పారించేవాళ్లకు అసలు చిట్కా ఖర్చు లేనిదే. రెండు మడతల గుడ్డలో వడగట్టండి, పారించాక పావుగంట మంచినీళ్లు వదలండి, పైపు చివరి మూతలు తీసి కడగండి. జిగట సగం అక్కడే తగ్గుతుంది.

మన నేలకు ఏమవుతుంది?

10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి వేసి 200 లీటర్ల జీవామృతం చేసేదే సూక్ష్మజీవుల కోసం. అదే పైపులో క్రిమిసంహారి ఉంటే మన కష్టం మనమే చంపుకున్నట్టు. శుద్ధి చేసిన రోజు చివరి మూతలు తెరిచి, ఆ నీళ్లు చెట్ల మొదళ్లకు కాకుండా బయటికి పోనివ్వండి. జీవామృతం రెండు మూడు రోజులాగి వదలండి. జీవామృతం డ్రమ్ముకైతే క్లోరిన్ డయాక్సైడ్ అవసరమే లేదు. బ్రష్షుతో కడిగి ఎండలో బోర్లిస్తే చాలు.

ఇంకో సంగతి. ఇది విరిగినప్పుడు క్లోరైట్, క్లోరేట్ మిగులుతాయి. సోడియం క్లోరేట్‌ను ఒకప్పుడు కలుపు మందుగా చల్లేవాళ్లు! అమెరికా సేంద్రియ నిబంధనల్లో డ్రిప్ శుద్ధికి దీన్ని ఒప్పుకుంటారు. కానీ నేలలోకి పోయే నీళ్లలో తాగునీటి పరిమితి దాటకూడదు, అది లీటరుకు 0.8 మిల్లీగ్రాములు. మీకు సేంద్రియ సర్టిఫికెట్ ఉంటే వాడకముందే మీ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థను అడగండి.

తాగడం గురించి

సూటిగా చెప్తాను. తాగితే ఏ జబ్బైనా నయమవుతుందని చూపించే సరైన రుజువు లేదు. షుగరుకు లేదు, క్యాన్సరుకు లేదు, మలేరియాకు లేదు, కరోనాకు లేదు. వీడియోల్లో ఎక్కువగా చూపించేది 1980ల మొదట్లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం. అందులో ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది మగవాళ్లకు రోజుకు అర లీటరు నీళ్లు ఇచ్చారు, లీటరుకు 5 మిల్లీగ్రాముల లెక్కన, 12 వారాలు. హాని కనబడలేదు. అంటే రోజుకు రెండున్నర మిల్లీగ్రాములు. ఏ జబ్బూ తగ్గిందని అందులో లేదు, ఎందుకంటే జబ్బున్నవాళ్లే లేరు. 'మిరాకిల్ మినరల్' పేరుతో అమ్మే 28 శాతం మందులో ఒక్క చుక్కకే పది మిల్లీగ్రాముల పైన సోడియం క్లోరైట్ వస్తుంది. రోజంతా గంటకో డోసు చొప్పున తాగితే ఎంతవుతుందో మీరే లెక్కేయండి.

ఎక్కువైతే క్లోరైట్ రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది. పుట్టుకతో జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఇంకా ముప్పు. ఎఫ్‌డీఏ 2010లో ఒకసారి, 2019లో మళ్లీ హెచ్చరించింది. తాగినవాళ్లలో విపరీతమైన వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం, కాలేయం దెబ్బతినడం చూశామని చెప్పింది. ఫ్లోరిడాలో చర్చి పేరు పెట్టుకుని దీన్ని మందుగా అమ్మిన తండ్రికి, ముగ్గురు కొడుకులకు 2023లో కోర్టు జైలు శిక్ష వేసింది.

వాంతులు, విరేచనాలు అయితే 'విషం బయటికి పోతోంది' అని కొందరు ధైర్యం చెప్తారు. పోయేది విషం కాదు, మీ ఒంట్లోని నీళ్లు. షుగరు మాత్రలు మానేసి చుక్కలు మొదలుపెట్టానని ఒక పెద్దాయన ఫోన్లో చెప్పినప్పుడు నేనన్నది ఒకటే: 'పెద్దాయనా, ముందు మాత్ర వేసుకో, రేపు పొద్దున్నే డాక్టరుకు చూపించుకో.' మీ ఇంట్లో ఎవరైనా ఇలా మానేసి ఉంటే ఈరోజే మాట్లాడండి. పొరపాటున పిల్లలు తాగితే వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేసి, సీసా కూడా వెంట తీసుకుపోండి.

వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి

- లేబుల్ మీద కొలతే ప్రమాణం. లెక్క ఇలా ఉంటుంది: తయారైన ద్రావణం 2 శాతం అంటే లీటరులో 20 గ్రాములు. 200 లీటర్ల డ్రమ్ములో 3 పీపీఎం రావాలంటే 30 మిల్లీలీటర్లు చాలు.
- కొలిచే టెస్ట్ స్ట్రిప్పులు కొనుక్కోండి. వాసన చూసి కొలవొద్దు, ఆ గ్యాసు ఊపిరితిత్తులను కాలుస్తుంది.
- ముందు మట్టి, పేడ, జిగట కడిగాకే వాడండి. మురికి ఉంటే మందంతా దానికే ఖర్చైపోతుంది.
- గాలి ఆడే చోట, నీడలో, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని కలపండి. ఎండ తగిలితే విరిగిపోతుంది. మూత బిగించి ఎండలో పెట్టొద్దు.
- తాగే నీళ్ల సీసాల్లో పోసి పెట్టొద్దు. పిల్లలకు అందని చోట, పేరు రాసి పెట్టండి.

మీ డ్రిప్పర్లో తెల్ల పొడి ఉందా, జిగట ఉందా చూసి కామెంట్లో రాయండి. సున్నం పట్టిన పైపులకు ఏం చేయాలో వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను.