ఉప్పెన – కొయ్యగుర్రం

ప్రాచీన కావ్యాలలో సముద్రానికి ఒక రూపం ఉంది. సముద్రుడు నదులకు భర్త, రత్నాలకు నిలయం. రామాయణంలో శ్రీరాముడు మూడు రాత్రులు దర్భలపై శయనించి దారి ఇమ్మని వేడుకొన్నాడు. సముద్రుడు పలుకలేదు. రాముడు కోపించి విల్లు ఎక్కుపెట్టగానే ప్రత్యక్షమై సేతువు నిర్మించుకొనే ఉపాయం చెప్పాడు. బెదిరిస్తేనైనా లొంగిన సముద్రమది. 1977లో తెలుగు కవి చూసిన సముద్రం వేరు.

కృష్ణానది కడలిలో కలిసేముందు చీలిన పాయల మధ్య ఏర్పడిన పల్లపు నేల దివిసీమ. అక్కడ తీరం చేరువలో సముద్రం లోతు తక్కువ. తుపాను గాలి నీటిని ఒడ్డుకు నెట్టినప్పుడు, ఆ నీరు అడుగుకు మళ్లే చోటు లేక పైకి లేచి నేలమీదికి వస్తుంది. అదే ఉప్పెన. 1977 నవంబరు 19న ఆ విధంగా సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు ఊళ్లమీద పడింది. నాగాయలంక సమీపంలోని సొర్లగొంది వంటి గ్రామాలు నామమాత్రంగా మిగిలాయి. మృతుల సంఖ్య 10,000 అని కొందరు, 14,000 అని కొందరు లెక్క చెప్పారు. లెక్కలోనే ఇంత తేడా ఉన్నదంటే, పేరైనా నమోదు కాకుండా పోయినవారు ఎందరో!

ఈ విషాదం నుండి వెలువడిన దీర్ఘకవిత నగ్నముని రచించిన ‘కొయ్యగుర్రం’. ఆయన అసలు పేరు మానేపల్లి హృషీకేశవరావు. 1965లో తొలి సంపుటి వెలువరించిన దిగంబర కవులు ఆరుగురిలో ఆయన ఒకరు. ప్రకృతి బీభత్సాన్ని వర్ణించి, విధిని నిందించి ముగించడం ఆయనకు సులభమే. కాని ఆయన అంతటితో ఆగలేదు. ఎంత అదిలించినా కదలని కొయ్యగుర్రాన్ని వ్యవస్థకు ప్రతీకగా నిలిపారు. కావ్యానికి ఆ పేరు పెట్టడంలోనే కవి ఉద్దేశం తెలుస్తున్నది. కెరటానికి పేద, ధనిక భేదం లేదు. అయితే పూరిగుడిసెకూ మేడకూ భేదం ఉంది. హెచ్చరిక అందినవానికీ అందనివానికీ భేదం ఉంది. ప్రకృతి ముందు మానవుడు బలహీనుడన్నది పాతమాట. ఆ బలహీనత అందరికీ సమానం కాదన్నది ఈ కావ్యం రేపే ఆలోచన. దీనిని కేవలం తుపాను కవితగా చదివితే సగమే చదివినట్లు.

1990 మే నెలలో అంతటి తీవ్రమైన తుపానే మళ్లీ కృష్ణానది ముఖద్వారం వద్ద తీరం దాటింది. ఈసారి హెచ్చరికలు ముందే అందాయి. లక్షమందికి పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య 1,000 లోపే ఉంది.