వేట నిషేధం

మృగశిర కార్తె వస్తే చిలకలగూడ సంచులు రాంనగర్ చేపల మార్కెట్ దారి పడతాయి. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో మరపడవలకు సెలవు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు అమలయ్యే ఈ కట్టడే వేట నిషేధం. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలమది. తల్లిచేపే వలలో పడితే రేపటి వేటకు మిగిలేదేముంది? అందుకే కార్తె కూరకు చెరువుల్లో పెరిగిన రవ్వ, బొచ్చె, జేబు సహకరిస్తే తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను మేలు. గుండెకు మంచివైన ఒమేగా-3 కొవ్వులు దండిగా ఉండే కవ్వళ్లు, కానాగంతలు నిషేధం ముగిశాక తినొచ్చు. వంజరం కన్నా చవక కూడా! ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ జోలికి మాత్రం వెళ్లొద్దు. దేశంలో దాని పెంపకమే నిషిద్ధం. చెరువులోకి చేరిందంటే నాటు చేపల్ని మింగేస్తుంది.