కొన్న పాట మీదేనా?

బీటెక్‌ చదువుతుండగా కాలేజీ మెయిల్‌ ఐడీతో ఓ ఆన్‌లైన్‌ స్టోర్‌లో నలభై పాటలు కొన్నాను. చదువయ్యాక కాలేజీ ఆ ఐడీ తీసేసింది. కొత్త ఫోన్‌లో లాగిన్‌ అవుదామంటే ఓటీపీ వెళ్లేది ఆ మెయిల్‌కే! వేరే ఐడీతో అకౌంట్‌ తెరిచా... ఒక్క పాటా రాలేదు.

ఎందుకంటే చాలా స్టోర్లలో మనం కొనేది పాటను కాదు, వినే లైసెన్సును. అది అకౌంట్‌కే ముడిపడి ఉంటుంది. ఫైల్‌ మన దగ్గరుంటే సంగతి వేరు. ఐట్యూన్స్‌ పాటలకు యాపిల్‌ 2009లో డీఆర్‌ఎం తాళం తీసేసింది. అలాంటి ఫైల్‌ డౌన్‌లోడ్‌ చేసుకుంటే అకౌంట్‌ పోయినా పాట ఉంటుంది.

సరే, పాటలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. గిట్‌హబ్‌ ప్రాజెక్టులు, లింక్డిన్‌, కోర్సు సర్టిఫికెట్లు కూడా అదే ఐడీతో ఉంటే? ఇంటర్వ్యూ కాల్‌ దానికే వస్తే?

అందుకే ఫైనలియర్‌లోనే ఈ పనులు చేసేయండి:

* ప్రతి అకౌంట్‌లో సొంత మెయిల్‌ను ప్రైమరీగా పెట్టండి.
* రికవరీ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా, చూసుకోండి.
* కాలేజీ డ్రైవ్‌లోని ఫైళ్లను గూగుల్‌ టేకౌట్‌తో దించుకోండి.
* కొన్న పాటలను, సర్టిఫికెట్లను పెన్‌డ్రైవ్‌లోనూ దాచండి.
* రెజ్యుమెలో కాలేజీ ఐడీ ఉంటే ఇవాళే మార్చండి.

ఫేర్‌వెల్‌ రోజుకి వాయిదా వేయొద్దు. ఐడీ ఎప్పుడు ఆగిపోతుందో ముందే చెబుతారన్న గ్యారంటీ లేదు.