అమెరికాలో ‘మడ్’ బోర్డులు: కేంద్ర నిధులు ఎందుకు అందడం లేదు?

టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లను అడిగి చూడండి. ఆస్తి పన్ను బిల్లులో కౌంటీకి ఇంత, స్కూళ్లకు ఇంత అని ఉంటుంది. చాలా కొత్త కాలనీల్లో అయితే ‘మడ్’ అని ఇంకో పద్దు కూడా కనిపిస్తుంది. మడ్ అంటే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. కాలనీకి నీళ్లు, డ్రైనేజీ చూసుకునే చిన్న స్థానిక ప్రభుత్వం అన్నమాట. ఐదుగురు డైరెక్టర్ల బోర్డు దాన్ని నడుపుతుంది.

ఇలా ఒకటి రెండు పనుల కోసమే ఏర్పడినవాటిని స్పెషల్ డిస్ట్రిక్టులు అంటారు. మంటలార్పడానికి ఒకటి, లైబ్రరీకి ఒకటి, ఆస్పత్రికి ఒకటి, వరద కట్టలకు ఒకటి ఉంటాయి. 2022 ప్రభుత్వ లెక్కల ప్రకారం అమెరికా అంతటా ఇవి 39 వేలకు పైనే.

మరి చిక్కు ఎక్కడ? కేంద్ర పథకాలు చాలావరకు రాష్ట్రాలు, కౌంటీలు, నగరాలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. కరోనా కాలంలో ఇది బయటపడింది. 2021 చట్టం 35 వేల కోట్ల డాలర్లు కేటాయిస్తే రాష్ట్రాలకు, కౌంటీలకు, నగరాలకు, ఆదివాసీ ప్రభుత్వాలకు వాటా దక్కింది. స్పెషల్ డిస్ట్రిక్టులకు మాత్రం నేరుగా ఏమీ రాలేదు. రాష్ట్రమో కౌంటీయో దయతలచి ఇస్తేనే చేతికందింది.

దీన్ని సరిచేయడానికి ఒక బిల్లు వచ్చింది. స్పెషల్ డిస్ట్రిక్టులను కూడా స్థానిక ప్రభుత్వాలుగా గుర్తించి గ్రాంట్లకు అర్హత ఇవ్వాలని కేంద్ర శాఖలకు చెప్పడమే దాని సారాంశం. 2024 మేలో ప్రతినిధుల సభలో రెండు పార్టీల మద్దతుతో నెగ్గింది. సెనేట్‌లో పూర్తికాకుండానే ఆ సభ గడువు ముగిసింది. 2025లో మళ్లీ ప్రవేశపెట్టారు.

అయితే చట్టం ఒక్కటే సరిపోదు. ఇప్పటికే అర్హత ఉన్న పథకాలూ ఉన్నాయి. ఉదాహరణకు అగ్నిమాపక శాఖలకిచ్చే కేంద్ర గ్రాంటులో, 20 వేల లోపు జనాభా ఉన్నచోట 5 శాతం సొంత వాటా పెడితే చాలు. కానీ దరఖాస్తు రాసేదెవరు? చిన్న బోర్డులో ఉద్యోగులు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ముందు ‘సామ్’ అనే కేంద్ర వెబ్‌సైట్‌లో నమోదై ఒక నంబరు తెచ్చుకోవాలి. ఏటా దాన్ని రెన్యువల్ చేయాలి. నిధులొచ్చాక ప్రతి డాలరుకూ లెక్క చూపాలి. గుర్తుంచుకోండి, ఆ నమోదు పూర్తిగా ఉచితం. డబ్బులడిగే దళారులను నమ్మకూడదు.

పక్కపక్క బోర్డులు కలిసి దరఖాస్తులు రాసే మనిషిని పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. కౌంటీ సాయం కూడా అడగొచ్చు.

అక్కడున్న మన కుటుంబాలూ చేయగలిగింది ఉంది. బోర్డు సమావేశాలకు ఎవరైనా వెళ్లొచ్చు. ఒక్కసారి వెళ్లి, “ఈ ఏడాది ఏ గ్రాంటుకు దరఖాస్తు పెట్టారు?” అని అడగండి. బయటి నుంచి రాని ప్రతి డాలరూ చివరికి మీ పన్ను బిల్లులోనే కలుస్తుంది.