మురుగునీటికి రెండు మెట్ల శుద్ధి

గొట్టా బ్యారేజి నుండి వచ్చు వంశధార ఎడమ కాలువ నీరు ఆలస్యమైనచో కోటబొమ్మాళి ప్రాంతపు రైతుకు ఒక్క తడి ఎంత విలువైనదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి తరుణముననే మన ఇండ్లలో వాడిన నీరు వీధి గుంటలలో నిలిచి దోమలను పెంచుచున్నది.

ఆ నీరు ఎంత? 2019లో ప్రారంభించిన జలజీవన్ మిషన్ లెక్క ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్లు. అందులో నూటికి 80 వంతులు మురుగుగా వెలువడునని ఇంజనీర్లు లెక్కింతురు. వేయిమంది గల ఊరిలో ఇది దినమునకు 44,000 లీటర్లగును. ఐదు దినముల నీటితో ఎకరమునకు రెండంగుళముల తడి ఇయ్యవచ్చును.

అయితే శుద్ధి చేయని మురుగునీటిలో ఏలికపాముల గ్రుడ్లు, విరేచనములు కలిగించు క్రిములు ఉండును. దానిని పొలమునకు పెట్టరాదు.

మొదటి మెట్టు: సూక్ష్మజీవులు

మురుగునీటిలోనికి గాలి ఊదినచో అందులోని సూక్ష్మజీవులు మాలిన్యమును తిని వృద్ధి చెంది, బురదగా గుమిగూడును. ఈ విధానమును 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అను వారు వెల్లడించిరి. పిమ్మట నీటిని తేర్చి బురదను వేరుచేయుదురు. కాని తేలికపాటి మడ్డి, రోగక్రిములు కొన్ని పైనీటితో పోవును.

రెండవ మెట్టు: మెంబ్రేన్

తేర్చుటకు బదులు నీటిని మెంబ్రేన్ అను సన్నని పొర గుండా లాగుదురు. దీని రంధ్రములు సుమారు 0.04 నుండి 0.4 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. రోగక్రిములు అనేకము ఒక మైక్రాను ప్రాంతమున ఉండును గనుక ఇవతలనే ఆగిపోవును. బురదను చిక్కగా ఉంచవచ్చును గనుక తొట్టి చిన్నదైనను చాలును. 1989లో జపానులో యమమోటో బృందము పొరను తొట్టిలోనే ముంచి నీటిని పీల్చు పద్ధతిని చూపగా విద్యుత్తు ఖర్చు తగ్గినది.

గమనింపవలసిన లోపములు

నీటిలో కరిగిన ఉప్పు ఈ పొరను దాటిపోవును. విద్యుత్తు ఆగరాదు. పొరను తరచు శుభ్రపరచి, కొన్నేండ్లకు మార్చవలెను. పురుగుమందు డబ్బాలు కడిగిన నీరు కాలువలో పోసినచో మేలుచేయు సూక్ష్మజీవులే చచ్చును.

మన ఊరికి ఏది తగును?

ఆస్పత్రులకు, స్థలము కరువైన పట్టణములకు మెంబ్రేన్ తగును. స్థలమున్న గ్రామమునకు వరుసగా మూడు నాలుగు గుంటలు త్రవ్వి, నీటిని మొత్తము మూడు వారములకు తక్కువ కాకుండ నిలుపుట చౌక. ఎండ, పాచి, సూక్ష్మజీవులు కలిసి విద్యుత్తు లేకుండనే పనిచేయును. ఈ నీటిని కొబ్బరికి, పశుగ్రాసమునకు వాడవచ్చును. పచ్చిగా తిను కూరలకైనచో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో సూచించినట్లు, లీటరుకు ఒక పురుగు గ్రుడ్డును, 100 మిల్లీలీటర్లకు 1,000 మలసంబంధ క్రిములను మించరాదు. పరీక్ష చేయించనిదే వాడవద్దు.

గ్రామాధికారులకు

1. వాననీటి కాలువను మురుగు కాలువ నుండి వేరుచేయించుడు.
2. ఒక దినము పూర్తిగా మురుగు పారుదలను కొలిపించుడు.
3. గుంటలను త్రాగునీటి బావులకు దూరముగ, పల్లమున ఏర్పరచుడు.
4. నీటిలోని ఉప్పును ఏటేట పరీక్షింపించుడు.
5. నిత్యము చూచుటకు ఒక మనిషిని, అతని జీతమునకు పద్దును ముందే నిర్ణయించుడు.

ఈ ఐదవది కుదరనిచో యంత్రము కొనవద్దు. ముందుగా గ్రామసభలో చర్చించి, మీ ఊరి స్థలమునకు, రాబడికి తగిన మార్గమును ఎన్నుకొనుడు.